కల్యాణకట్ట మీది ఏడుపు, బస్సులోని ఏడుపు

తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి, కరీంనగర్, ఆదిలాబాద్ రీజియన్ల బస్సులలో నిత్యం ప్రయాణించే ప్రజలందరికీ,

ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలు బస్సులలోను, బస్టాండ్లలోను, దవాఖాన వరండాలలోను గొంతెత్తి ఏడ్వడం, అడిగింది దొరకకపోతే నేల మీద పడి దొర్లడం, ఏ కారణమూ లేకుండానే కేరింతలు కొట్టడం అందరూ ఎరిగిన సంగతే. ఈ లేఖకు విషయం ఆ ఏడుపు కాదు. అది వినబడగానే చుట్టూ ఉన్న ముక్కూమొహం తెలియని మనుషులు తల తిప్పి, బిడ్డ వైపు కాక బిడ్డ తల్లి వైపు చూసే చూపు. దానికి దగ్గరగా తెలుగులో ఉన్న మాట ‘ఈసడింపు’. నోటితో ఏమీ అనకుండా పెదవి విరుపుతోను, నిట్టూర్పుతోను, కనుబొమల ముడితోను ఎదుటి మనిషిని తక్కువ చేయడాన్ని ఈ లేఖలో ఆ మాట చెబుతుంది. కొన్నిసార్లు ఈసడింపు అక్కడితో ఆగక “గిట్లనేనా పిల్లను పెంచేది?” అనో, “జర ఊకుంచరాదా అమ్మా” అనో మాటగా కూడా బయటికి వస్తుంది. మాటకైతే బదులు చెప్పవచ్చు. చూపుకు బదులు చెప్పే వీలు లేదు గనుక తల్లిని ఎక్కువగా నొప్పించేది చూపే.

ఈ ప్రాంతంలో చంటిపిల్లతో ప్రయాణం చేసే స్త్రీ ఎవరో, ఎందుకు బస్సెక్కిందో ముందుగా తలచుకోవడం అవసరం. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో చిన్న చిన్న జిల్లాలుగా విడిపోయినా జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల బతుకు తీరు ఒక విషయంలో మారలేదు: వేల ఇళ్లలో భర్త దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటాడు, భార్య ఇక్కడ బీడీలు చుడుతూ, పిల్లలను సాకుతూ, అత్తమామలను చూసుకుంటూ ఉంటుంది. ఆమెకు టీకాల కోసమో, బ్యాంకు పని కోసమో, తల్లిగారింటికో వెళ్లవలసి వచ్చినప్పుడు బిడ్డను ఎత్తుకునే రెండో చెయ్యి ఉండదు. ఒక భుజాన సంచి, ఒక చంకన బిడ్డ, పక్కన నడిచే మరో బిడ్డ ఉంటే అది సర్వసాధారణమైన దృశ్యం. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు ఖర్చు లేకుండా చేసిన తరువాత, అంతకుముందు ఇల్లు కదలలేని తల్లులు కూడా కదలగలుగుతున్నారు. ఇది మంచి మార్పు. అయితే బస్సులు కిక్కిరిసి నడుస్తున్నాయి, నిలబడి వెళ్లేవారి సహనం తగ్గిపోతున్నది, ఆ తగ్గిన సహనం ముందుగా పడేది నోరులేని తల్లి మీద, నోరున్న బిడ్డ మీద.

బిడ్డ ఎందుకు అరుస్తుందనే ప్రశ్నకు శాస్త్రం చెప్పే జవాబు పెద్దలు అనుకునే జవాబు కన్నా చాలా సాదాగా ఉంటుంది. రెండేళ్ల వయసులో బిడ్డకు కోరికలు పెద్దవాళ్లంత ఉంటాయి, మాటలు మాత్రం కొన్నే ఉంటాయి. ఆకలి, నిద్ర, ఉక్కపోత, చెవిలో హోరు, ఒళ్లో ఒదిగి కూర్చోలేని చికాకు అన్నీ ఒకే దారిలో, అంటే గొంతు దారిలో, బయటికి రావలసిందే. కోపాన్ని ఆపుకునే శక్తికి ఆధారమైన మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. ఆ శక్తిని రెండేళ్ల బిడ్డలో వెతకడం మొలకలో కంకిని వెతకడం వంటిది. తెలంగాణ ఇళ్లలో ‘జిద్దు’ అనీ, మిగిలిన చోట్ల ‘మారాం’ అనీ పిలిచే ఈ ప్రవర్తనను అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్లోరెన్స్ గుడెనఫ్ తల్లులు రోజువారీగా రాసిపెట్టిన వివరాల ఆధారంగా పరిశీలించి 1931లో పుస్తకంగా ప్రచురించారు. కోపం పొంగులు రెండో ఏట శిఖరానికి చేరి, ఆ తరువాత తగ్గుముఖం పడతాయని ఆమె చూపారు. 2003లో మైకేల్ పొటెగాల్, రిచర్డ్ డేవిడ్‌సన్ ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల వయసున్న 335 మంది పిల్లల గురించి తల్లిదండ్రులు చెప్పిన వివరాలను విశ్లేషించినప్పుడు, మారాంలలో నాలుగింట మూడు వంతులు ఐదు నిమిషాలలోపే ముగుస్తాయని తేలింది. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ దాకా సుమారు 80 కిలోమీటర్లు. ఆ దారిలో ఐదు నిమిషాలంటే ఒక ఊరు దాటి మరో ఊరి పొలిమేర చేరేంత సేపు మాత్రమే.

కనుక బస్సులో వినబడే ఏడుపు పెంపకంలోని లోపానికి రుజువు కాదు. ఆ తల్లి ఆ బిడ్డను ఎలా పెంచిందో, ఉదయం నుంచి ఎన్నిసార్లు సముదాయించిందో, గత రాత్రి ఎంతసేపు నిద్రపోయిందో పక్క సీటులోని మనిషికి తెలిసే అవకాశం లేదు. ఆయన చూసింది ఆమె జీవితంలో అర నిమిషం. ఆ అర నిమిషంతో ఆమె మీద తీర్పు చెప్పడం న్యాయం కాదన్నది ఈ లేఖ మొదటి మాట.

ఆ తీర్పు వట్టి తీర్పుగా మిగిలిపోదన్నది రెండో మాట, అంతకన్నా ముఖ్యమైన మాట. ఈసడింపు తగిలిన తల్లి సాధారణంగా చేసే పని బిడ్డ వీపు మీద ఒక్కటి వేయడం. ఆ దెబ్బ బిడ్డను సరిదిద్దడానికి వేసింది కాదు. చూస్తున్నవారికి ‘నేను ఊరికే కూర్చోలేదు’ అని చూపించుకోవడానికి వేసింది. అంటే వేసిన చెయ్యి తల్లిదైనా వేయించినవారు చూపరులు. దెబ్బ తగిలిన బిడ్డ ఇంకా గట్టిగా ఏడుస్తుంది, చూపులు ఇంకా పదునెక్కుతాయి, తల్లి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మరికొందరు తల్లులు దెబ్బకు బదులుగా ఫోను చేతికిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు తెర ముందు రోజుకు గంటకు మించి కూర్చోరాదు, ఏడాది వయసు వారికి అసలు అది పనికిరాదు. ఈ సంగతి తెలిసిన తల్లి కూడా నలుగురిలో నిస్సహాయురాలవుతుంది. బిడ్డ చేతిలో ఫోను చూసినవారు “ఈ కాలపు తల్లులు పిల్లలకు ఫోనులు అలవాటు చేస్తున్నరు” అని మళ్లీ ఆమెనే అంటారు. ఈ రెండూ వద్దనుకున్న తల్లి ప్రయాణమే మానుకుంటుంది; టీకా రోజు వాయిదా పడుతుంది, తల్లిగారింటి పండుగ వాయిదా పడుతుంది, టికెట్టు లేని బస్సు కూడా ఆమెకు అందని బస్సు అవుతుంది.

ఈ ప్రాంతపు మనుషులకు పిల్లల ఏడుపును భరించడం చేతకాదని ఎవరైనా అంటే అది నిజం కాదు. వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధికి పుట్టువెంట్రుకలు తీయించడానికి పిల్లలను తీసుకువచ్చే కుటుంబాలు ఎన్నో. కల్యాణకట్ట మీద, అంటే మొక్కు చెల్లించేవారికి తలనీలాలు తీసే చోట, మేనమామ ఒళ్లో కూర్చున్న బిడ్డ చల్లని నీళ్లు నెత్తిన పడగానే కెవ్వుమంటుంది, కత్తి తగలగానే మెలికలు తిరుగుతుంది, గుండు పూర్తయ్యేదాకా ఆ ఏడుపు ఆగదు. ఒకే సమయంలో పది మంది పిల్లలు ఏడుస్తుంటారు. అక్కడ ఏ ఒక్కరూ తల్లిని ఈసడించరు. కత్తి పట్టినవారు ఓపికగా ఆగుతారు, పక్క కుటుంబంలోని ముసలవ్వ తనకేమీ కాని బిడ్డకు చిటికెలు వేసి చూపిస్తుంది, “అయిపోయింది బిడ్డా, ఊకో బిడ్డా” అని తెలియని గొంతులు నాలుగు వైపుల నుంచి పలుకుతాయి. గోదావరి ఒడ్డున బాసరలో, జ్ఞానసరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం నాడు కూడా ఇంతే: పలక ముందు కూర్చోనని, వేళ్లు పట్టుకుని దిద్దిస్తే దిద్దనని పిల్లలు మండపమంతా మార్మోగేలా ఏడుస్తారు, ఆ ఏడుపుల మధ్యనే మొదటి అక్షరం పడుతుంది. ఆ రోజు ఏడ్చిన బిడ్డకు చదువు రాదని ఎవరూ అనుకోరు.

అదే బిడ్డ, అదే నున్నని గుండుతో, గంధం పూసిన నెత్తితో, మధ్యాహ్నం వేములవాడ నుంచి కరీంనగర్ వచ్చే బస్సులో నిద్ర చాలక ఏడిస్తే వాతావరణం మారిపోతుంది. కల్యాణకట్ట మీద ఊరడించిన మనుషులే, లేదా వారి వంటి మనుషులే, బస్సులో మొహం చిట్లిస్తారు. మనుషులు మారలేదు, బిడ్డ మారలేదు, ఏడుపు హెచ్చలేదు. మారింది ఆ స్థలం మీద ఉన్న అవగాహన మాత్రమే: గుడిలో పిల్లలు ఉండవలసినవారే అని అందరికీ తెలుసు, బస్సులో పిల్లలు ఎవరో వెంట తెచ్చుకున్న సామాను అనుకుంటారు. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేకపోవడం వల్ల వారు ప్రయాణికులు కారనే భావం కూడా తెలియకుండానే స్థిరపడి ఉండవచ్చు. కానీ బిడ్డ కూడా ప్రయాణికుడే. దవాఖానకు వెళ్లవలసింది చాలాసార్లు ఆ బిడ్డే.

చూపరుల వైపు న్యాయం లేదని ఈ లేఖ చెప్పడం లేదు. ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్లే కుటుంబం ఆ బస్సులో ఉండవచ్చు; రామగుండంలోనో మంచిర్యాలలోనో రాత్రి షిఫ్టు దిగి, సింగరేణి బొగ్గు మసి ఇంకా గోళ్లలో ఉండగానే ఇంటికి పోతూ కునుకు తీసే కార్మికుడు ఉండవచ్చు; పరీక్షకు పోయే విద్యార్థి ఉండవచ్చు. వారి అలసట నిజమైనది, శబ్దం వారిని బాధించడమూ నిజమే. అయితే బాధ కలగడం వేరు, ఆ బాధకు ఒక స్త్రీని దోషిగా నిలబెట్టడం వేరు. బస్సులలో గంటల తరబడి ఫోనులో వీడియోలు బిగ్గరగా పెట్టుకుని చూసే పెద్దవారిని ఎవరూ ఏమీ అనరు, పెళ్లి ఊరేగింపు డీజే మోతకు కిటికీ అద్దాలు అదిరినా ఊరంతా ఓర్చుకుంటుంది. ఆ శబ్దాలు చేసేవారికి ఆపే శక్తి ఉంది, ఆపరు. ఆపే శక్తి లేని రెండేళ్ల బిడ్డ దగ్గరికి వచ్చేసరికే ఓర్పు కరువవుతున్నదంటే, అడ్డగించేది శబ్దాన్ని కాదు, ఎదురుచెప్పలేనివారిని అన్న అనుమానం కలుగుతుంది. ఉట్నూరు, జైనూరు వైపు నుంచి వచ్చి గోండీలోనో కొలామీలోనో, లేదా లంబాడీలో బిడ్డను బుజ్జగించే తల్లి మీద ఈ చూపు మరింత బరువుగా పడుతుందని చెప్పక తప్పదు. ఆమె ఎంత ముద్దుగా సముదాయిస్తున్నదో భాష తెలియని పక్కవారికి అర్థం కాదు.

ఇంకొక సంగతి బయటి చూపుకు అసలే అందదు. ఆటిజం అనే స్థితిలో పుట్టిన పిల్లలలో చాలామందికి మామూలు వెలుతురు, హారను మోత, అపరిచితుల తాకిడి భరించరానంత తీవ్రంగా తోస్తాయి. వయసుకు ఐదారేళ్లున్నా అటువంటి బిడ్డ రెండేళ్ల బిడ్డలా కేకలు పెట్టవచ్చు, చెవులు మూసుకుని ఊగవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది గాని బిడ్డ నుదుట అది రాసి ఉండదు. “ఇంత పెద్ద పోరనికి ఇంకా బుద్ధి రాలేదా” అన్న మాట అటువంటి తల్లి చెవిన పడితే అది ఆమెను ఎన్ని రోజులు వెంటాడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక తల్లులకు, తండ్రులకు, పిల్లలను వెంట తీసుకువెళ్లే నానమ్మలకు, అమ్మమ్మలకు చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నాయి. బిడ్డ నిద్రవేళకు బస్సు సమయం కుదిరేలా చూసుకోవడం, ఎక్కే ముందే కడుపు నింపడం, కిటికీ పక్కన గాలి తగిలేలా కూర్చోవడం, చెట్లనో గొర్ల మందనో చూపిస్తూ మాట్లాడడం అందరికీ తెలిసినవే, ఇవి కొంతవరకు పనిచేస్తాయి. పనిచేయనప్పుడు మొదట చేయవలసింది చూపరుల మొహాల వైపు చూడకుండా బిడ్డ మొహం వైపు మాత్రమే చూడడం. ఎందుకంటే ఆ క్షణంలో తల్లి అవసరం ఉన్నది బిడ్డకు, చూపరులకు కాదు. రెండోది, పక్కవారితో ఒక్క మాట అనడం: “నిద్రకొచ్చింది, జరసేపైతే పండుకుంటది” అనే ఆ చిన్న మాట క్షమాపణ కాదు, సమాచారం. ఏడుపు ఎంతసేపు ఉంటుందో తెలియకపోవడం వల్లనే మనుషులకు ఎక్కువ చికాకు కలుగుతుంది; ఒక హద్దు తెలిస్తే చాలామంది మెత్తబడతారు. చూపరుల కోసం బిడ్డను కొట్టకూడదన్నది మాత్రం ఈ లేఖ గట్టిగా కోరే విషయం. దిగిపోయిన తరువాత ఆ చూపరులు మళ్లీ కనిపించరు. దెబ్బ తిన్న బిడ్డ మాత్రం అదే ఇంట్లో, అదే ఒళ్లో ఉంటుంది.

తోటి ప్రయాణికులు చేయవలసింది ఇంకా తక్కువ. అమెరికా సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో వెలువడిన పుస్తకంలో అపరిచితులు నలుగురిలో ఒకరికొకరు చూపే ఒక మర్యాదను గుర్తించారు: ఎదుటివారు ఉన్నారని గమనించినట్టు ఒక్కసారి చూసి, వెంటనే చూపు మరల్చుకుని వారి మానాన వారిని వదలడం. దీనిని తెలుగులో ‘మర్యాదగా చూపు తిప్పుకోవడం’ అనవచ్చు. బిడ్డ ఏడ్చినప్పుడు ఏ సాయమూ చేయలేనివారు ఈ ఒక్క మర్యాద పాటించినా అది పెద్ద సాయమే. సాయం చేయగలవారు సంచి అందుకోవచ్చు, కిటికీ పక్క సీటు ఇవ్వవచ్చు. ఒక్కటి మాత్రం చేయరాదు: “ఏడిస్తే కండక్టరుకు పట్టిస్త”, “పోలీసోడు ఎత్తుకపోతడు” అని బిడ్డను భయపెట్టడం. మంచి ఉద్దేశంతోనే చాలామంది ఈ మాట అంటారు, బిడ్డ భయంతో క్షణం ఊరుకుంటుంది కూడా. కానీ తప్పిపోయిన రోజున పరుగెత్తి ఎవరి దగ్గరికి పోవాలో ఆ మనుషులనే బిడ్డ భయపడవలసినవారిగా నేర్చుకుంటుంది.

సంస్థ యాజమాన్యం చేయగలిగిన పనికి ఇతర దేశాలలో ఉదాహరణలు ఉన్నాయి. జర్మనీ 2011లో తన చట్టాన్ని సవరించి, శిశు కేంద్రాలలో, ఆటస్థలాలలో పిల్లలు చేసే శబ్దాన్ని సాధారణంగా హానికరమైన శబ్దంగా లెక్కించరాదని నిర్ణయించింది. అంటే పిల్లల గొంతును యంత్రాల మోతతో సమానంగా కొలవరాదని ఒక దేశం రాతపూర్వకంగా ఒప్పుకుంది. జపాన్‌లో నలుగురిలో బిడ్డ ఏడ్చినప్పుడు తల్లులు పడే ఇబ్బందిని చూసి 2016లో అక్కడ ‘ఏడ్చినా ఫరవాలేదు’ అనే అర్థం వచ్చే చిన్న స్టిక్కర్ల ఉద్యమం మొదలైంది. వాటిని ఫోనుకో, సంచికో అంటించుకున్న అపరిచితుడు నోరు విప్పకుండానే తల్లికి ధైర్యం చెబుతాడు. తరువాత పలు ప్రాంతీయ ప్రభుత్వాలు కూడా అందులో చేరాయి.

తెలంగాణ ఆర్టీసీకి ఇటువంటి పని కొత్త కాదు. 2024 జూన్‌లో కరీంనగర్ బస్టాండులో ఒక వలస కూలీ స్త్రీకి నొప్పులు వచ్చినప్పుడు అక్కడి మహిళా సిబ్బంది చీరలు అడ్డుపెట్టి కాన్పు చేశారు. ఆడబిడ్డ పుట్టింది, సంస్థ ఆ సిబ్బందిని సన్మానించి, బిడ్డకు జీవితాంతం ఉచిత ప్రయాణ పాసు ఇచ్చింది. బస్టాండులో బిడ్డ వేసిన మొదటి కేకను అందరూ శుభమని విన్నారు. ఆ బిడ్డకు రెండేళ్లు నిండేది 2026 జూన్‌లో, అంటే పిల్లలు ఎక్కువగా అరిచే వయసులోనే. ఆమె చేతిలో ఉన్న పాసుకు అర్థం ఉండాలంటే, ఆమె బస్సులో అరిచినప్పుడు కూడా ఆమె తల్లి తలెత్తుకుని కూర్చోగలగాలి.

అందువల్ల ఈ లేఖ కోరేది స్వల్పం. కరీంనగర్, ఆదిలాబాద్ రీజియన్ల బస్సులలో ‘పిల్లలు ఏడుస్తరు, ఏం కాదు’ అన్న అర్థం వచ్చే చిన్న పలకను తెలుగులోను, ఉర్దూలోను, ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు నడిచే బస్సులలో గోండీలోను అంటించవచ్చు. దానిని తల్లి కూర్చునే సీటుకు ఎదురుగా కాక, ఎక్కే మెట్ల పక్కన, ప్రతి ఒక్కరి కంటా పడేలా పెట్టాలి. ఎవరైనా తల్లిని నిలదీస్తే కండక్టరు ఒక్క మాటతో ఆమె పక్షాన నిలవాలని శిక్షణలో చెప్పాలి. పెద్ద బస్టాండ్లలో పిల్లలు కాళ్లు చాచి పరుగెత్తడానికి నాలుగు గజాల చోటు వదలాలి. బస్సెక్కే ముందు పరుగెత్తిన బిడ్డ బస్సులో నిద్రపోతుంది. ఈ పని మహాశివరాత్రికి వేములవాడ ప్రత్యేక బస్సులు కదిలే లోపల మొదలైతే బాగుంటుంది. ఆ బస్సులు తిరిగి వచ్చేటప్పుడు వాటి నిండా అప్పుడే గుండ్లు చేయించుకుని, నిద్ర చాలని పిల్లలు ఉంటారు.

ఇట్లు,
కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో చంటిపిల్లలతో ప్రయాణించే కుటుంబాల పక్షాన